తండ్రి పేరు, తల్లి పేరు
(పరదేశంలో పుట్టిన బిడ్డ పౌరసత్వ చరిత్ర)



ఈ యేటి సంచికకు "చరిత్ర మీద ఏదైనా రాయండి మాస్టారూ" అని కార్యదర్శి గారు అడిగినప్పుడు గోల్కొండ సుల్తానుల గురించి రాద్దామనుకున్నాను. కాగితం కలం తీసుకుని కూర్చున్నాను కూడా. ఆ వారంలోనే మన పేటకు చెందిన ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చారు. వారి అమ్మాయి, అల్లుడు గల్ఫులో ఉంటారు. అక్కడ మనవడు పుట్టి పది నెలలు దాటింది. ఆస్పత్రి వారిచ్చిన అరబ్బీ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి పంపించారట. "మీరు ఉర్దూ పంతులు కదా, ఇందులో ఏముందో చదివి చెప్పండి" అన్నారు. అక్షరాలు కూడబలుక్కుని చదివాను. బిడ్డ పుట్టిన తేదీ ఉంది. తండ్రి పేరు సరిగ్గా ఉంది. తల్లి పేరు మాత్రం పాస్‌పోర్టులో ఒక రకంగా, కాగితంలో మరో రకంగా ఉంది. "ఆడదాని పేరే కదా, ఏమవుతుందిలే" అని అల్లుడు ఊరుకున్నాడట. పోయే ముందు ఆమె ఒక ప్రశ్న వేశారు. "మాస్టారూ, వీడు అక్కడ పుట్టాడు. రేపు వీడు ఏ దేశం వాడవుతాడు?"

గోల్కొండను పక్కన పెట్టాను. ఆ ప్రశ్నకు మూడు వందల యేళ్ళ చరిత్ర ఉంది. అందులో మన హైదరాబాదు ఉంది, మన తీరం నుంచి ఓడ ఎక్కి రంగం వెళ్ళిన కుటుంబాలు ఉన్నాయి. వాటన్నిటిలోనూ ఒక తల్లి పేరు ఉంది. చట్టం చాలాకాలం ఆ పేరును చదవలేదు. ఆ సంగతే ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

పుట్టిన నేలా? కన్నవారి నెత్తురా?

మనిషి ఏ దేశం వాడో తేల్చడానికి లోకంలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఏ నేల మీద పుడితే ఆ దేశం వాడనేది ఒకటి. ఎవరికి పుడితే వారి దేశం వాడనేది రెండోది. ఇంగ్లాండు వారు ముందు నుంచీ నేల పద్ధతినే ప్రధానంగా పట్టుకున్నారు. రాజు గారి రాజ్యంలో పుట్టినవాడు రాజు గారి ప్రజ అని 1608లో అక్కడి న్యాయస్థానం ఒక ప్రసిద్ధమైన కేసులో తేల్చి చెప్పింది. ఈ సూత్రం ప్రకారమే తరువాతి కాలంలో, దొరల పాలనలోని మన జిల్లాల్లో పుట్టిన మన తాతముత్తాతలు కూడా బ్రిటిష్ ప్రజలుగా లెక్కకు వచ్చారు. వారికి ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా చట్టం అదే.

అయితే ఇంగ్లీషు వర్తకులు, సైనికులు దేశదేశాలు తిరగసాగారు. రాజ్యం వెలుపల వారికి పుట్టిన బిడ్డల మాట ఏమిటి? 1351 నాటి శాసనంలోనే ఈ ప్రస్తావన వచ్చినది. 1730 నాటి చట్టం దీనిని స్పష్టం చేసింది. పరదేశంలో పుట్టినా తండ్రి బ్రిటిష్ ప్రజ అయితే బిడ్డ కూడా బ్రిటిష్ ప్రజే. 1772 నాటి చట్టం ఇంకొక తరం ముందుకు పోయి, తండ్రి తండ్రిని కూడా లెక్కలోకి తీసుకున్నది. తండ్రి ఉన్నాడు, తాత ఉన్నాడు. తొమ్మిది నెలలు మోసిన తల్లి మాత్రం ఈ రెండు చట్టాల్లోనూ ఎక్కడా లేదు.

హైదరాబాదు బిడ్డలు ఇద్దరు

ఇక్కడ మన హైదరాబాదు కథ ఒకటి చెప్పాలి. హైదరాబాదు వెళ్ళిన వారు కోఠీలో పెద్ద స్తంభాలతో ఉన్న ఆడపిల్లల కళాశాల భవనాన్ని చూసే ఉంటారు. అది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. దానిని కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుంచి 1805 వరకు నిజాం దర్బారులో రెసిడెంటుగా ఉన్నాడు. ఇతడు మీర్ ఆలం బంధువర్గానికి చెందిన ఖైరున్నిసా బేగంను ముస్లిం పద్ధతిలో నికాహ్ చేసుకున్నాడు. ఆ రోజుల్లో అది పెద్ద రభస అయింది. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ దాకా పోయి విచారణలు జరిగాయి.

వారికి 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. ఇంట్లో వాళ్ళని సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని పిలిచేవారు. హైదరాబాదు నిజాం రాజ్యం గనుక ఆ బిడ్డలు పుట్టింది ఇంగ్లాండు రాజు నేల మీద కాదు. వారిని ఇంగ్లాండు మనుషులుగా నిలబెట్టేది తండ్రి పేరు ఒక్కటే. 1805లో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి, మూడేళ్ళ పిల్లని మద్రాసులో ఓడ ఎక్కించి తాతగారి దగ్గరకు పంపించారు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు వారి బొమ్మ గీశాడు. ఒంటి నిండా నవాబుల ఇంటి దుస్తులు, ముఖాల్లో పసితనం. ఆ యేడాదే అక్టోబరులో తండ్రి కలకత్తాలో చనిపోయాడు. మరుసటి యేడు మార్చిలో లండనులో బిడ్డలకు కొత్త పేర్లు పెట్టారు. సాహెబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు. సాహెబ్ బేగం కేథరిన్ అరోరా అయింది. ముద్దుగా కిట్టీ అన్నారు.

తల్లి ఖైరున్నిసా 1813లో హైదరాబాదులో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు ముప్ఫై యేళ్ళు కూడా లేవు. ఓడ ఎక్కించిన తరువాత బిడ్డల ముఖం మళ్ళీ చూడలేదు. తల్లి వారసత్వంగా కిట్టీకి చట్టం ఏమీ ఇవ్వలేదు. అయినా నలభై యేళ్ళ వయసులో ఆమె హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నిసాకు ఉత్తరాలు రాసింది. అమ్మమ్మ ఫార్సీలో జవాబులు రాయించి పంపేది. రక్తసంబంధానికి పాస్‌పోర్టు అక్కరలేదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇందులో గమనించవలసిన విషయం మరొకటి గలదు. 1791లో కంపెనీ వారు ఒక ఉత్తర్వు వేశారు. తల్లిదండ్రులలో ఒకరు హిందూదేశీయులైతే ఆ బిడ్డకు కంపెనీ పెద్ద కొలువులు లేవన్నారు. అనగా తల్లి పేరు హక్కు ఇవ్వడానికి పనికిరాలేదు, హక్కు తీసివేయడానికి మాత్రం పనికి వచ్చింది. ఇంతకంటే అన్యాయమైన లెక్క నేను నా పిల్లలకు చెప్పిన ఏ పాఠంలోనూ చూడలేదు.

ఆడదాని దేశం మగడి దేశం

1870 చట్టంతో బ్రిటిష్ స్త్రీకి ఇంకొక దెబ్బ తగిలింది. విదేశీయుణ్ణి పెళ్ళాడితే ఆమె తన దేశాన్నే పోగొట్టుకునేది. 1914 చట్టం కూడా పరదేశంలో పుట్టిన బిడ్డకు తండ్రి దారినే చూపించింది. 1948 చట్టం 1949 జనవరి 1న అమలులోకి వచ్చి, పెళ్ళి చేసుకున్నంత మాత్రాన స్త్రీ పౌరసత్వం పోదని ఒప్పుకున్నది. సంతోషమే. కానీ ఆ పౌరసత్వాన్ని పరదేశంలో కన్న బిడ్డకు ఇచ్చే హక్కు మాత్రం తండ్రి దగ్గరే ఉంచింది. ఆ తండ్రి స్వయంగా పరదేశంలో పుట్టినవాడైతే, సాధారణంగా బిడ్డ పుట్టిన యేడాదిలోగా బ్రిటిష్ కాన్సలేట్‌లో నమోదు చేయించాలి. ఈ "యేడాదిలోగా" అనే మాటను పాఠకులు గుర్తుంచుకోవలెను. మన కథలోకి ఇది మళ్ళీ వస్తుంది.

రంగం వెళ్ళిన మనవాళ్ళు

హైదరాబాదు బేగముల కథ మనకు దూరం అనుకునే వారికి ఇప్పుడు మన ఊరి వైపు కథ. ఇటు విశాఖపట్నం, అటు కాకినాడ రేవుల నుంచి స్టీమరు ఎక్కి మనవాళ్ళు రంగూన్ వెళ్ళేవారు. మన పల్లెల్లో దానిని రంగం అనేవారు. "ఫలానా వాడు రంగం పోయాడు" అంటే నాలుగు డబ్బులు సంపాదించుకు వస్తాడని అర్థం. రేవులో మూటలు మోశారు, వడ్ల మిల్లుల్లో పని చేశారు, రిక్షాలు లాగారు. బర్మావాళ్ళు మనవారిని కోరంగీలు అనేవారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరే అది. మన తీరపు హిందువులూ ముస్లిములూ కలిసే ఆ ఓడలు ఎక్కారు. అక్కడి భారతీయ ముస్లిములకూ బర్మా స్త్రీలకూ పుట్టిన సంతానాన్ని జేర్బాదీలు అన్నారు.

బర్మా 1937 వరకు బ్రిటిష్ ఇండియాలో భాగమే. అందువల్ల విశాఖలో పుట్టినా రంగూన్‌లో పుట్టినా తేడా ఎవరికీ తెలియలేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాను విడదీశారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడగానే లక్షలాది మంది మనవాళ్ళు అడవుల దారిన నడిచి వచ్చారు. దారిలో ఎందరో పోయారు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమై బ్రిటిష్ కూటమి నుంచి పూర్తిగా బయటికి వెళ్ళింది.

అప్పుడు రంగూన్‌లో పుట్టిన తెలుగు బిడ్డ ఎవరు? దీనికి బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1947 నాటి బర్మా స్వాతంత్ర్య చట్టం జవాబు చెప్పింది. బర్మాలో పుట్టినవారు ఇక బ్రిటిష్ ప్రజలు కారు అన్నది. అయితే మినహాయింపులలో ఒకటి ఇది. ఆ మనిషి తండ్రి గానీ, తండ్రి తండ్రి గానీ బర్మా వెలుపల బ్రిటిష్ రాజ్యంలో పుట్టి ఉంటే అతని బ్రిటిష్ హోదా పోదు. అనగా తండ్రి మన తుని దగ్గర పల్లెలో పుట్టి ఉంటే, రంగూన్‌లో పుట్టిన కొడుక్కి ఆ తండ్రి జన్మస్థలం హక్కు అయింది. అదే తల్లి తుని దగ్గర పుట్టి, తండ్రీ తాతా బర్మావాళ్ళయితే, ఈ దారిన ఆ బిడ్డకు హక్కు లేదు. తల్లి కూడా అదే తాండవ నీళ్ళు తాగింది. అయినా చట్టం దృష్టిలో ఆమె ఊరు ఊరు కాకుండా పోయింది.

తరువాతి సంగతి పెద్దలకు తెలియంది కాదు. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసింది. లక్షకు పైగా భారతీయులు కట్టుబట్టలతో ఓడలు ఎక్కి వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు ఈ వలసలకు గుర్తుగా నిలిచి ఉన్నది. అక్కడే ఉండిపోయిన వారిలో అనేకులకు అటు బర్మా కాగితమూ లేదు, ఇటు ఇండియా కాగితమూ లేదు. 1982లో బర్మా తెచ్చిన కొత్త పౌరసత్వ చట్టం పూర్వీకులు 1823కు ముందు నుంచీ ఉన్నారా అని అడిగింది. ముత్తాత ఎప్పుడు ఓడ దిగాడో రుజువు చేయమంటే కూలివాడు ఎక్కడి నుంచి తెస్తాడు?

మన చట్టం చేసిన తప్పు, దిద్దుబాటు

దొరలను ఆడిపోసుకుని మనం తప్పించుకోవడానికి లేదు. 1950లో మన రాజ్యాంగం చాలా ఉదారంగా మాట్లాడింది. ఎనిమిదవ అధికరణం ప్రకారం, విదేశంలో ఉన్నవారి తల్లిదండ్రులలో ఏ ఒకరైనా, అవ్వాతాతలలో ఏ ఒకరైనా హిందూదేశంలో పుట్టి ఉంటే, రాయబార కార్యాలయంలో నమోదు చేయించుకుని భారత పౌరులు కావచ్చును. తల్లి ఉంది, అమ్మమ్మ కూడా ఉంది. కానీ ఆరేళ్ళు తిరగకుండానే 1955 పౌరసత్వ చట్టం వచ్చి, విదేశంలో పుట్టిన బిడ్డకు వంశపారంపర్య పౌరసత్వం తండ్రి ద్వారానే అన్నది. రాజ్యాంగం తెరిచిన తలుపును చట్టం సగం మూసేసింది. 1992 డిసెంబరు 10న అమలులోకి వచ్చిన సవరణతో గాని, తల్లి భారతీయురాలైతే చాలు అనే మాట రాలేదు. అంటే ముప్ఫై ఏడేళ్ళు పట్టింది.

ఇంగ్లాండులో ఈ దిద్దుబాటు విడతలు విడతలుగా జరిగింది. 1979 ఫిబ్రవరి 7న అక్కడి హోంమంత్రి, బ్రిటనులో పుట్టిన తల్లులకు విదేశాల్లో పుట్టిన మైనరు పిల్లలను నమోదు చేస్తామని ప్రకటించాడు. 1981 చట్టం 1983 జనవరి 1న అమలులోకి వచ్చి, ఆనాటి నుంచి పుట్టే బిడ్డలకు తల్లినీ తండ్రినీ సమానం చేసింది. మరి ముందే పుట్టినవారి సంగతి? 2003లో ఒక దారి తెరిచారు. కానీ 1961 ఫిబ్రవరి 7 తరువాత పుట్టినవారికే అన్నారు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేదు, చెల్లెలికి ఉంది! 2010లో ఆ గీత కూడా చెరిపేశారు.

అయినా ఒక చిక్కు మిగిలింది. తల్లి కూడా విదేశంలో పుట్టినదైతే, ఆనాడు యేడాదిలోగా కాన్సలేట్‌లో నమోదు చేయించావా అని అడిగేవారు. తల్లులు వెళితే "తండ్రి అయితేనే నమోదు చేస్తాం" అని అప్పట్లో తిప్పి పంపించేవారే. తలుపు మూసినవారే తరువాత "లోపలికి ఎందుకు రాలేదు" అని అడిగినట్టు ఉంది. 2018 ఫిబ్రవరిలో బ్రిటిష్ సుప్రీంకోర్టు ఒక మహిళ కేసులో ఈ వాదన చెల్లదన్నది. తల్లికి అసాధ్యమైన షరతును బిడ్డ మీద పెట్టరాదని తీర్పు చెప్పింది. ఆనాటి అన్యాయం వల్ల పౌరసత్వం దక్కని పెద్దలు దరఖాస్తు చేసుకోవడానికి 2022లో మరొక చట్టం కూడా వచ్చింది.

ఇక తండ్రుల విషయంలోనూ ఒక మెలిక గలదు. 2006 జూలై 1కి ముందు పుట్టిన బిడ్డకు బ్రిటిష్ తండ్రి ద్వారా హక్కు రావాలంటే తల్లిదండ్రుల వివాహం రుజువు కావాలి. అంటే తండ్రి పేరుకు బలం కూడా తల్లి చేతిలోని నికాహ్‌నామా వల్లనే వచ్చేది. చట్టం ఎవరిని పక్కన పెట్టిందో ఆమె పెట్టెలోని కాగితమే చివరకు సాక్ష్యం అయింది.

మనం చేయవలసింది

ఉర్దూలో తల్లిదండ్రులిద్దరినీ కలిపి వాలిదైన్ అంటాము. ఒక్క మాటలో ఇద్దరూ ఉన్నారు. చట్టాలు ఆ మాట నేర్చుకోవడానికి మూడు వందల యేళ్ళు పట్టింది. పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేస్తే "తండ్రి లేక సంరక్షకుని పేరు" అనే గడి ఒక్కటే కనబడుతుంది. తల్లికి గడి ఉండదు. ఆ ఖాళీని చూసినప్పుడల్లా నాకు ఖైరున్నిసా బేగం గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్నకు జవాబు. 2004 డిసెంబరు 3 నుంచి మన చట్టం ప్రకారం, విదేశంలో పుట్టిన బిడ్డ తల్లిదండ్రులలో ఒకరు భారతీయులైనా, యేడాదిలోగా అక్కడి భారత రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి. యేడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కోసం తిరగాలి. ఆనాడు దొరల చట్టంలో ఉన్న "యేడాదిలోగా" అనే మాటే ఈనాడు మన ఇంటి గడప దగ్గరకు వచ్చింది.

కాబట్టి సభ్యులకు నా విన్నపం. నికాహ్ జరిగిన రోజే ఖాజీ గారి రిజిస్టరులో వధువు పేరు ఆమె సర్టిఫికెట్టులో ఉన్నట్టే అక్షరం తప్పకుండా రాయించండి. బీబీ, బేగం, బాను అనేవి ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే రేపు బిడ్డకు చిక్కు. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం వివాహాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించడం కూడా తప్పనిసరి. విదేశాల్లో ఉన్న పిల్లలకు ఫోను చేసినప్పుడు "బిడ్డ పాలు తాగుతున్నాడా" అని అడిగిన తరువాత, "బిడ్డ పేరు నమోదు చేయించారా" అని కూడా అడగండి. ఇంట్లోని పాత కాగితాలను, తాతల నాటివైనా సరే, చెదలు పట్టకుండా దాచండి. రంగం నుంచి కట్టుబట్టలతో వచ్చినవారిలో కాగితం దాచుకున్నవాడికి ఒక ఆధారం ఉండేది. లేనివాడికి ఎవరి దయో కావలసి వచ్చేది.

ఆ రాత్రే ఆ పెద్దావిడ అల్లుడితో మా ఇంటి నుంచే మాట్లాడించాను. రెండు రోజులు సెలవు పెట్టమన్నాను. ముందు ఆస్పత్రి కాగితంలో తల్లి పేరు దిద్దించారు. తరువాత పదకొండో నెల నిండకుండానే రాయబార కార్యాలయంలో నమోదు అయింది. మొన్న ఆవిడ మళ్ళీ వచ్చి ఫోనులో కొత్త కాగితం చూపించారు. ఈసారి చదవడానికి నా అవసరం లేకపోయింది. తండ్రి పేరు, దాని కిందనే తల్లి పేరు. రెండూ సరిగ్గా ఉన్నాయి. "మా అమ్మాయి పేరు కూడా రాశారు మాస్టారూ" అని ఆ గడి మీద వేలు పెట్టి చూపించి, వేలు తీయకుండా కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నారు.